గెలిచిన వైపున్న కెంటకీలో ఓడినవాళ్ళకి అంత పెద్ద స్తంభమా?

ఓహియో_ఒడ్డు:
నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఆరు వారాలైంది. లూయివిల్‌లో చూపించాల్సినవన్నీ మొదటి పది రోజుల్లోనే అయిపోయాయి (గుర్రాల మ్యూజియం, మహమ్మద్ అలీ సెంటర్, గుడి, మళ్ళీ గుడి). అందుకని పోయిన శనివారం నాష్‌విల్‌లో మా చెల్లెలింటికి వెళ్తూ, హైవే వదిలేసి ఫెయిర్‌వ్యూ అనే పల్లె మీదుగా తీసుకెళ్ళాను. చుట్టూ పొలాలు, అక్కడక్కడా ఓ కొట్టం. వాటి మధ్య ఉన్నట్టుండి ఒక కాంక్రీటు స్తంభం, 351 అడుగులు. నాన్నగారు కారు అద్దం దించి, మెడ వెనక్కి వంచి చూసి, "ఇదేంట్రా, చార్మినార్‌కి రెండింతలుందే! ఎవరిది?" అన్నారు.

"జెఫర్సన్ డేవిస్‌ది నాన్నగారూ. అమెరికా అంతర్యుద్ధంలో (1861-65), దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కన్ఫెడరసీకి అధ్యక్షుడు. 1808లో ఇక్కడే పుట్టాడు."

"వాళ్ళు ఓడిపోయారు కదా?"

"ఓడిపోయారు."

"ఈ రాష్ట్రం వాళ్ళ వైపుండేదా?"

"లేదు, విడిపోని ఉత్తరాది వైపు, అంటే యూనియన్‌లోనే ఉంది."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. మండలాఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసిన మనిషి, లెక్క కుదరకపోతే ఊరుకోరు. "మరి ఓడినవాళ్ళకి ఇంత డబ్బు పోసి ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తిరిగొచ్చేటప్పుడు హాడ్జెన్‌విల్‌లో లింకన్ పుట్టినచోటు కూడా చూపించాను. అక్కడ రాతి మండపానికి 56 మెట్లు, ఆయన బతికిన ఏళ్ళకి ఒక్కోటి చొప్పున. మోకాళ్ళ నొప్పులున్నా నాన్నగారు లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. లింకన్, డేవిస్ ఇద్దరూ కెంటకీ వాళ్ళే. తొమ్మిది నెలల తేడాలో, వంద మైళ్ళ దూరంలో పుట్టారు. మా అమ్మాయి స్కూలు పుస్తకంలో "బోర్డర్ స్టేట్స్" (బానిసత్వం ఉన్నా యూనియన్‌ని వదలని కెంటకీ లాంటి సరిహద్దు రాష్ట్రాలు) గురించి రెండు లైన్లున్నాయి, అంతే. తెలిసినవాళ్ళు చెప్పండి. నాన్నగారు రోజూ పొద్దున కాఫీ దగ్గర అడుగుతున్నారు.

నల్గొండ_నర్సి:
సింపుల్ అన్నా. గోడ మీది పిల్లి. ఎటు దూకితే లాభమో చూసుకుంట కూర్చున్నరు. యుద్ధమైపోయినంక రెండు దిక్కులా దండలేసిన్రు. మన దగ్గర సర్పంచ్ ఎలక్షన్లల్ల చూడలే? రెండు పార్టీల కండువాలు బీరువాల పెట్టుకునేటోళ్ళు ఉంటరు.

పాత_పేజీ:
నర్సి గారూ, పిల్లి సామెత బాగానే ఉంది. కానీ ఆ పిల్లి గోడ ఎందుకు ఎక్కిందో చూడాలి.

1860 ఎన్నికల్లో లింకన్‌కి తాను పుట్టిన కెంటకీలో పడిన ఓట్లు 1,364. నూటికి ఒకటి కూడా రాలేదు. అక్కడ గెలిచింది జాన్ బెల్. యూనియన్ చెక్కుచెదరకూడదు, బానిసత్వం జోలికి ఎవరూ పోకూడదు, ఉన్నది ఉన్నట్టు సాగిపోవాలి అనేదే ఆయన పార్టీ ధోరణి. కెంటకీ జనం మనసు కూడా అదే.

అప్పటికి ఆ రాష్ట్రంలో సుమారు 2 లక్షల 25 వేల మంది బానిసలున్నారు. యజమానుల లెక్క ఎలా ఉండేదో చూడండి. యూనియన్‌లో ఉన్నంతకాలం, పారిపోయినవాణ్ణి ఓహియో నది దాటి వెళ్ళి పట్టితెచ్చుకోడానికి 1850 నాటి ఫెడరల్ చట్టం ఉంది. విడిపోతే ఆ నదే విదేశీ సరిహద్దు అయిపోతుంది. అవతలి ఒడ్డు తొక్కినవాడు ఇక దొరకడు. కాబట్టి కెంటకీలో చాలామంది యూనియన్‌వాదులు బానిసత్వం వద్దని యూనియన్‌లో ఉన్నవాళ్ళు కారు, బానిసత్వం భద్రంగా ఉండాలని ఉన్నవాళ్ళు. ఇది పట్టుకుంటే మీ నాన్నగారి ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

1861 మేలో రాష్ట్రం "మేం ఎటూ కాదు" అని ప్రకటించింది. గవర్నర్ బెరయా మగాఫిన్ దక్షిణాది అభిమాని, శాసనసభ యూనియన్ వైపు మొగ్గు. ఆ తటస్థత నాలుగు నెలలు కూడా నిలవలేదు. సెప్టెంబరు మొదట్లో కన్ఫెడరేట్ జనరల్ లియోనిడాస్ పోక్ మిసిసిపీ ఒడ్డున కొలంబస్ అనే ఊళ్ళో దళాలు దించాడు. రెండు మూడు రోజుల్లోనే యూనియన్ జనరల్ గ్రాంట్ వచ్చి పడూకా ఊరు పట్టుకున్నాడు. ముందు గీత దాటింది దక్షిణాది కాబట్టి శాసనసభ యూనియన్ పక్షం తీసుకుంది. ఆ నెలలోనే లింకన్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, కెంటకీ చేజారితే మొత్తం ఆట పోయినట్టే అన్నాడు. మ్యాపు చూస్తే ఎందుకో తెలుస్తుంది. కెంటకీ పోతే దక్షిణాది సరిహద్దు ఓహియో నది దాకా వచ్చేస్తుంది.

ఒప్పుకోనివాళ్ళు నవంబరులో రస్సెల్‌విల్‌లో కూడి పోటీ ప్రభుత్వం పెట్టుకున్నారు. డిసెంబరులో కన్ఫెడరసీ వాళ్ళని చేర్చుకుంది. కన్ఫెడరేట్ జెండాలో 13 నక్షత్రాలుండటానికి కారణం ఇదే. నిజంగా విడిపోయినవి 11, మిగతా రెండు కెంటకీ, మిస్సోరీ. ఆ పోటీ ప్రభుత్వపు గవర్నర్ జార్జ్ జాన్సన్ మరుసటి ఏడాది షైలో యుద్ధంలో చనిపోయాడు.

మజ్జిగ_చారు:
మాస్టారూ, అన్నదమ్ములే చెరోవైపు కొట్టుకున్నారట కదా? ఒక సెనేటర్ కొడుకులు అని ఎక్కడో చదివా. మొత్తం మన సినిమా ఇంటర్వెల్ బ్యాంగ్.

పాత_పేజీ:
జాన్ క్రిటెండెన్. యుద్ధం రాకుండా ఆపాలని 1860 చివర్లో రాజీ సూత్రం పట్టుకుని సెనేట్‌లో చివరిదాకా తిరిగిన పెద్దమనిషి. ఒక కొడుకు థామస్ యూనియన్ జనరల్, ఇంకో కొడుకు జార్జ్ కన్ఫెడరేట్ జనరల్. లింకన్ ఇంట్లోనే చూడండి. భార్య మేరీ టాడ్‌ది లెక్సింగ్టన్. ఆవిడ చెల్లెలి భర్త బెంజమిన్ హెల్మ్ కన్ఫెడరేట్ జనరల్‌గా 1863లో చికమాగా యుద్ధంలో చనిపోయాడు. అధ్యక్షుడి తోడల్లుడు శత్రు సైన్యంలో అన్నమాట.

కొత్తిమీర_కట్ట:
మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది గానీ ఈ అన్నదమ్ముల కథ దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ మ్యూజియంకి వెళ్ళినా ఇదే. ఒకే ఇంట్లో రెండు యూనిఫారాలు, తల్లి కన్నీళ్ళు, చివర్లో కౌగిలింత. ఆ ఇంటి వెనక గుడిసెలో ఉన్నవాళ్ళ మాటేంటి? వాళ్ళ విధేయత ఎటో ఎవరైనా అడిగారా?

నిరుడు మేం లెక్సింగ్టన్ వెళ్ళినప్పుడు క్యాంప్ నెల్సన్ చూశాం. యూనియన్ సైన్యానికి పెద్ద స్థావరం అది. కెంటకీ నుంచి దాదాపు 24 వేల మంది నల్లజాతి మగవాళ్ళు సైన్యంలో చేరారు. ఇంతకన్నా ఎక్కువమంది చేరింది ఒక్క లూసియానాలోనే. చేరినవాడికి స్వేచ్ఛ. కానీ పెళ్ళాం పిల్లలు? వాళ్ళు ఇంకా బానిసలే. ఎందుకంటే బానిసలకి స్వేచ్ఛనిస్తూ లింకన్ చేసిన 1863 జనవరి 1 విముక్తి ప్రకటన తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తిస్తుంది. యూనియన్‌కి విధేయంగా ఉన్నందుకు కెంటకీకి మినహాయింపు! అందుకని భార్యలు, పిల్లలు మగవాళ్ళ వెంటే క్యాంపుకి వచ్చి పక్కన గుడిసెలు వేసుకున్నారు.

1864 నవంబరు చివర్లో, గడ్డకట్టే చలిలో, అక్కడి కమాండర్ సుమారు 400 మంది ఆడవాళ్ళని, పిల్లల్ని వెళ్ళగొట్టించాడు. గుడిసెలు పీకించాడు, కాల్పించాడు. జోసెఫ్ మిల్లర్ అనే సైనికుడు ఆ వారంలోనే ఇచ్చిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది. ఆయన ఏడేళ్ళ కొడుక్కి జబ్బు. బండి ఎక్కకపోతే కాల్చేస్తానన్నాడట కాపలావాడు. ఆ రాత్రి ఇంట్లోవాళ్ళని వెతుక్కుంటూ ఆరు మైళ్ళు నడిచి నికలస్‌విల్ చేరాడు. ఒక పాత ప్రార్థనామందిరంలో ఉన్నారు. అందరికీ కలిపి ఒకటే పొయ్యి, అంత జనంలో వీళ్ళకి దాని దగ్గరికి వెళ్ళే చోటు కూడా దొరకలేదు. పిల్లాడు అప్పటికే చనిపోయాడు. ఆ రాత్రికే క్యాంపుకి తిరిగి రావాలి కదా, శవాన్ని అక్కడే వదిలి మళ్ళీ ఆరు మైళ్ళు వెనక్కి నడిచాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, తనే గొయ్యి తవ్వి, తన బిడ్డని పూడ్చి, మళ్ళీ క్యాంపుకి వచ్చాడు. ఆ వెళ్ళగొట్టడంలో మొత్తం 102 మంది పోయారు.

ఆ గొడవ పత్రికలకెక్కి, 1865 మార్చిలో కాంగ్రెస్ సైనికుల భార్యాబిడ్డలందరికీ స్వేచ్ఛనిచ్చే చట్టం చేసింది. మిల్లర్ అప్పటికే లేడు. జనవరిలోనే పోయాడు. ఆయన భార్యాబిడ్డలు కూడా ఒకరి తర్వాత ఒకరు పోయారు.

విభజిత విధేయతలు అంటే నాకు గుర్తొచ్చేది ఈయనే. ఒంటి మీద యూనియన్ కోటు, ఆ యూనియనే బిడ్డని చలిలోకి తోసింది.

ఓహియో_ఒడ్డు:
అక్కా, ఇది నాన్నగారికి చదివి వినిపించాను. కాఫీ చల్లారిపోయింది.

పాత_పేజీ:
అమ్మా, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, నేను అక్కడినుంచే మొదలుపెట్టాల్సింది. ఇక మిగతా సగం జవాబు.

నల్లవాళ్ళ చేతికి తుపాకీ ఇవ్వడం మొదలైన రోజే కెంటకీ తెల్ల యూనియన్‌వాదుల్లో చాలామందికి మనసు విరిగింది. "బానిసత్వం జోలికి రామన్నారు, ఇప్పుడు మోసం చేశారు" అన్నారు. 1864 అధ్యక్ష ఎన్నికల్లో లింకన్ ఓడిపోయిన రాష్ట్రాలు మూడే. కెంటకీ, డెలావేర్, న్యూజెర్సీ. 1865లో బానిసత్వాన్ని రద్దుచేసే 13వ సవరణని కెంటకీ శాసనసభ తిరస్కరించింది. మిగతా రాష్ట్రాల ఆమోదంతో డిసెంబరులో అది అమల్లోకి వచ్చేదాకా కెంటకీలో, డెలావేర్‌లో బానిసత్వం చట్టబద్ధంగానే ఉంది. అంటే కన్ఫెడరసీ రాజధానిలో పోయిన తర్వాత కూడా యూనియన్ రాష్ట్రంలో మిగిలి ఉంది! కెంటకీ ఆ సవరణకి లాంఛనంగా ఆమోదం తెలిపింది ఎప్పుడనుకున్నారు? 1976. మన దగ్గర ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు.

యుద్ధం ముగిశాక విడిపోయిన రాష్ట్రం కెంటకీ అని చరిత్రకారుల్లో ఒక వాడుక మాట ఉంది. ఎత్తిపొడుపే కానీ వట్టిమాట కాదు. యూనియన్ తరఫున పోరాడిన కెంటకీవాళ్ళే ఎక్కువ, కన్ఫెడరేట్ల కంటే రెండింతలు పైనే. కానీ తర్వాత పదవులు చూడండి. 1887లో గవర్నరైన సైమన్ బకనర్ మాజీ కన్ఫెడరేట్ జనరల్. 1895 దాకా లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ల నుంచి ఒక్కరు కూడా గవర్నర్‌గా గెలవలేదు. సరిగ్గా ఆ 1895లోనే లూయివిల్‌లో కన్ఫెడరేట్ సైనికుల స్మారకం లేచింది. ఫెయిర్‌వ్యూ స్తంభం 1917లో మొదలై 1924లో పూర్తయింది. ఫ్రాంక్‌ఫర్ట్ కాపిటల్ భవనంలో డేవిస్ విగ్రహం 1936లో పెట్టారు. లింకన్‌ది అంతకుముందే ఉంది, ఒకే గుమ్మటం కింద ఇద్దరూ!

తేదీలు చూశారా? యుద్ధంలో కాల్చుకున్నవాళ్ళు పెట్టినవి కావు అవి. చాలామటుకు వాళ్ళ పిల్లల తరం, మనవల తరం చేసిన పని. అదే కాలంలో, 1904లో, బెరియా కాలేజీలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి చదువుకోకూడదని కెంటకీ చట్టం చేసింది. సుప్రీంకోర్టు 1908లో ఆ చట్టాన్ని నిలబెట్టింది. స్తంభాన్నీ ఈ చట్టాన్నీ విడివిడిగా చూస్తే ఏదీ అర్థం కాదు.

కడప_కారం:
అట్లయితే కెంటకీ వాళ్ళంతా ఒకే మూస అంటారా సార్?

పాత_పేజీ:
ఎక్కడి మూస నాయనా. జాన్ మార్షల్ హార్లన్ సంగతి విను. కెంటకీ, బానిసలున్న కుటుంబం, యూనియన్ కల్నల్. విముక్తి ప్రకటనని వ్యతిరేకించాడు, 13వ సవరణ వద్దన్నాడు. అదే హార్లన్ 1896లో సుప్రీంకోర్టు జడ్జిగా, రైల్లో నల్లవాళ్ళకి వేరే పెట్టె పెట్టడం తప్పులేదని మిగతావాళ్ళంతా తీర్పిచ్చినప్పుడు ఒక్కడే ఒప్పుకోలేదు. మన రాజ్యాంగానికి రంగు తెలియదు అని రాశాడు. ఆయన్ని ఏ గంపలో వేస్తావు?

బాల్టిమోర్_బాబాయ్:
ఇంత మాట్లాడుకుని మేరీల్యాండ్‌ని వదిలేస్తే నేనూరుకోను. పదిహేడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా.

1861 ఏప్రిల్ 19. వాషింగ్టన్‌ని కాపాడ్డానికి మసాచుసెట్స్ దళం రైల్లో బాల్టిమోర్ వచ్చింది. ఊరి మధ్యలో ఇంజన్లు నడపనివ్వరు. ఒక స్టేషన్లో ఇంజన్ విప్పేసి, పెట్టెల్ని గుర్రాలతో ఇంకో స్టేషన్‌కి లాగించాలి. దారిలో జనం రాళ్ళు వేశారు, సైనికులు కాల్చారు. నలుగురు సైనికులు, పన్నెండుమంది పౌరులు చచ్చిపోయారు. వాళ్ళు చేరాల్సిన ఆ క్యామ్‌డెన్ స్టేషన్ ఇప్పటికీ ఉంది, బేస్‌బాల్ స్టేడియం పక్కనే. మా అబ్బాయితో ఆటకి వెళ్ళినప్పుడల్లా దాని ముందునుంచే నడుస్తాం, చేతిలో పాప్‌కార్న్‌తో. లింకన్ ఇక్కడ ఊరుకోలేదు. హెబియస్ కార్పస్ (అరెస్టైనవాణ్ణి కోర్టు ముందు నిలబెట్టాలనే హక్కు) ఆపేసి, దక్షిణాది అభిమానుల్ని పట్టుకెళ్ళి లోపలేశాడు. మేరీల్యాండ్ పోతే రాజధాని నాలుగు పక్కలా శత్రువే కదా.

ఆ రాళ్ళదాడి మీద కోపంతో ఒకాయన రాసిన పాటే తర్వాత మా రాష్ట్ర గీతం అయింది. లింకన్‌ని నియంత అని, ఉత్తరాదివాళ్ళని చెత్త అని తిట్టే పాట! 1939లో అధికారికం చేశారు, 2021లో తీసేశారు. స్కూల్లో మా పెద్దమ్మాయి క్రిస్మస్ పాట ట్యూన్‌లో హమ్ చేస్తూ వచ్చేది. మాటలు ఏంటో నేను చాలా ఏళ్ళదాకా పట్టించుకోలేదు.

ఇంకోటి, జెండా. మేరీల్యాండ్ జెండా చూశారుగా, పసుపు-నలుపు గళ్ళు రెండు మూలలు, ఎరుపు-తెలుపు శిలువ రెండు మూలలు. ఇక్కడ టీషర్టులు, సాక్సులు, పీత బొమ్మల స్టిక్కర్లు, అన్నిటి మీదా అదే. యుద్ధంలో దక్షిణాది వైపు వెళ్ళిన మేరీల్యాండ్ వాళ్ళు ఎరుపు-తెలుపు గుర్తు పెట్టుకునేవాళ్ళు. పసుపు-నలుపు యూనియన్ వాళ్ళ కింద లెక్క. 1904లో రెండూ కలిపిన జెండాని అధికారికం చేశారు. రాజీపడ్డామని చెప్పడానికి గుడ్డముక్క కంటే చవకైనది ఏముంది చెప్పండి!

కొత్తిమీర_కట్ట:
బాబాయ్ గారూ, మేరీల్యాండ్ బానిసత్వాన్ని తనంతట తనే రద్దు చేసుకుంది కదా? అది మంచిమాట.

బాల్టిమోర్_బాబాయ్:
చేసుకుందమ్మా, 1864 నవంబరు 1 నుంచి. కొత్త రాజ్యాంగం మీద ఓటింగ్ పెడితే 30,174 అనుకూలం, 29,799 వ్యతిరేకం. 375 ఓట్ల తేడా. అదీ సైనికుల ఓట్లు కలిస్తేనే. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎలక్షన్లో కూడా ఇంత టెన్షన్ ఉండదు.

పనిలో పని, ఫ్రెడరిక్ కథ. 1864 జూలైలో కన్ఫెడరేట్ జనరల్ జూబల్ అర్లీ ఆ ఊరి మీదికొచ్చి 2 లక్షల డాలర్లు ఇవ్వకపోతే తగలబెడతానన్నాడు. బ్యాంకులు బుట్టల్లో పోసి ఇచ్చాయి. ఊరు ఆ అప్పు వడ్డీతో సహా తీర్చేసరికి 1951 అయింది.

మజ్జిగ_చారు:
87 ఏళ్ళ ఈఎంఐ!! నా స్టూడెంట్ లోన్ చూసి ఏడుస్తున్నా ఇక్కడ.

నేను కాన్సాస్‌లో లారెన్స్‌లో చదువుతున్నా. ఇక్కడ మిస్సోరీ పేరెత్తితే మీ కథలన్నీ ఒక్క బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో కనిపిస్తాయి. రెండు రాష్ట్రాల యూనివర్సిటీల మధ్య ఆ పోటీ పేరే బోర్డర్ వార్. 2012లో మిస్సోరీ వేరే లీగ్‌కి వెళ్ళిపోయాక ఆగిపోయింది, బాస్కెట్‌బాల్ 2021లో మళ్ళీ మొదలైంది. నేను వచ్చిన కొత్తలో ఒక సీనియర్ జాన్ బ్రౌన్ (బానిసత్వాన్ని ఆయుధాలతో ఎదిరించినవాడు) బొమ్మ ఉన్న టీషర్ట్ వేసుకుంటే, ఏదో రాక్ సింగర్ అనుకున్నా. గడ్డం చూసి మోసపోయా.

1863 ఆగస్టు 21న కన్ఫెడరేట్ల వైపు పోరాడే గెరిల్లా ముఠా నాయకుడు క్వాంట్రిల్ మిస్సోరీ వైపునుంచి గుర్రాల మీద వచ్చి ఈ ఊళ్ళో 150 మందికి పైగా మగవాళ్ళని, కుర్రాళ్ళని చంపేసి ఊరు తగలబెట్టాడు. నేను రోజూ టీ తాగే వీధే అది.

కొత్తిమీర_కట్ట:
తమ్ముడూ, నాలుగు రోజుల తర్వాత ఇటువైపు ఏం జరిగిందో కూడా చెప్పాలి మరి. యూనియన్ జనరల్ యూయింగ్ ఆర్డర్ నంబర్ 11 తెచ్చాడు. సరిహద్దులో జాక్సన్, కాస్, బేట్స్ కౌంటీలు, వెర్నన్‌లో కొంత భాగం 15 రోజుల్లో ఖాళీ చెయ్యాలి. దక్షిణాది వైపున్నావా, యూనియన్ వైపున్నావా అని కూడా చూడలేదు. విధేయులమని నిరూపించుకున్నవాళ్ళకి సైనిక స్థావరాల దగ్గర ఉండనిచ్చారు, అంతే. వెనకాల ఇళ్ళు కాల్చేశారు. పొగగొట్టాలు మాత్రం మిగిలాయి. ఆ ప్రాంతాన్ని చాలాకాలం కాలిన జిల్లా అనేవాళ్ళు.

ట్రూమన్ తల్లి ఆ వైపు ఆవిడ. వాళ్ళ కుటుంబం ఆ ఆర్డర్‌లో ఇల్లు వదిలినవాళ్ళే. కొడుకు అమెరికా అధ్యక్షుడయ్యాక వైట్‌హౌస్‌కి వచ్చినప్పుడు లింకన్ మంచం మీద పడుకోనంటే పడుకోనందని ప్రసిద్ధమైన కథ. అదే ట్రూమన్ 1948లో సైన్యంలో జాతుల వేర్పాటు తీసేయమని ఉత్తర్వు ఇచ్చాడు. ఇంట్లో విన్న కథలు ఒకటి, చేతిలో కలం ఒకటి.

మా సెయింట్ లూయిస్ వేరే లోకం. జర్మనీలో 1848 విప్లవం విఫలమయ్యాక పారిపోయి వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడ స్థిరపడ్డారు, బానిసత్వం అంటే మంట. 1860లో మిస్సోరీలో లింకన్ గెలిచినవి రెండే కౌంటీలు. సెయింట్ లూయిస్, గాస్కనేడ్. రెండూ జర్మన్లు గట్టిగా ఉన్న చోట్లే. 1861 మే 10న రాష్ట్ర మిలీషియా క్యాంపుని యూనియన్ కెప్టెన్ లయన్ ఈ జర్మన్ వాలంటీర్లతోనే చుట్టుముట్టాడు. బందీలని వీధుల్లో నడిపిస్తుంటే గొడవై 28 మంది దాకా పోయారు. ఆ క్యాంపు ఉన్నచోటే ఇప్పుడు సెయింట్ లూయిస్ యూనివర్సిటీ క్యాంపస్. మన తెలుగు పిల్లలు ఎంతమంది అక్కడ ఎంఎస్ చేస్తున్నారో! ఒక్కడికైనా తెలుసా అంటే నాకు డౌటే.

నల్గొండ_నర్సి:
వెస్ట్ వర్జీనియా ముచ్చట ఎవ్వరు తీస్తలేరు. అది అసలు సిసలు రాష్ట్ర విభజన. యుద్ధం నడుమనే వర్జీనియాను చీల్చి 1863 జూన్ 20న కొత్త రాష్ట్రం చేసిన్రు. కొండలోళ్ళు వేరు, కిందోళ్ళు వేరు. కానీ గీతల లోపట పడ్డ కౌంటీలల్ల చానా మంది మాకొద్దన్నోళ్ళే. స్టోన్‌వాల్ జాక్సన్ పుట్టిన క్లార్క్స్‌బర్గ్ గిప్పుడు వెస్ట్ వర్జీనియాల ఉన్నది. ఆయన కన్ఫెడరేట్ల పెద్ద జనరల్, సొంత చెల్లె లారా యూనియన్ దిక్కు.

అసలు మజా అప్పుల పంపకంల ఉంది. పాత వర్జీనియా అప్పుల నీ వాటా కట్టు అని కొట్లాట. 1915ల సుప్రీంకోర్టు కోటీ 23 లక్షల డాలర్ల పైన కట్టుమన్నది. కట్టుడయ్యేసరికి 1939. మన తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు, కరెంటు బకాయిలు యాదికొస్తలేవా?

కడప_కారం:
నర్సన్నా, బకాయి ఎవరికి ఎవరు ఇయ్యాలో అదీ చెప్పు మరి...

వేగుచుక్క (మోడరేటర్):
ఆపండి ఆపండి. 2014 గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే 900 పోస్టులు. ఇక్కడ అమెరికా మాటే.

కడప_కారం:
సరే సార్. అమెరికా మాటే అడుగుతా. ఇదంతా నూటయాభై ఏళ్ళ కిందటి కత. ఇప్పుడు కెంటకీ, మిస్సోరీ, వెస్ట్ వర్జీనియా మూడూ రిపబ్లికన్ కోటలు. లింకన్‌ది రిపబ్లికన్ పార్టీనే కదా! మరి కన్ఫెడరేట్ వారసత్వం ఎక్కడుంది? ఇప్పటి ఓటు బొగ్గు, తుపాకీ, చర్చి, నిత్యావసరాల రేట్లు చూసి పడుతుంది. అంతర్యుద్ధం చూసి కాదు. నేను పైక్‌విల్‌లో రెండేళ్ళు పనిచేసినా, ఎవరూ జెఫర్సన్ డేవిస్ పేరు కూడా ఎత్తలేదు.

పాత_పేజీ:
సగం ఒప్పుకుంటాను. ఇప్పటి ఓటుని 1861తో ముడిపెట్టడం మోకాలికీ బోడిగుండుకీ ముడేసినట్టే. కానీ ఆ ముద్ర ఎంతకాలం నిలిచిందో చూడండి. యుద్ధం తర్వాత అక్కడ యూనియన్ వైపువాళ్ళు ఎక్కువగా రిపబ్లికన్లు, దక్షిణాది అభిమానులు డెమోక్రాట్లు.

కెంటకీ తూర్పు కొండల్లో జాక్సన్ కౌంటీ ఉంది. బానిసలు చాలా తక్కువ, యూనియన్ పక్షం. 1936లో డెమోక్రాట్ రూజ్వెల్ట్ దేశాన్ని ఊడ్చేసినప్పుడు కూడా ఆ కౌంటీ గుండుగుత్తగా రిపబ్లికన్‌కే వేసింది. పూట గడవని ఊళ్ళు, అయినా తాత వేసిన పార్టీకే ఓటు. ఆ తూర్పు వైపే ఎలియట్ కౌంటీ 1869లో పుట్టినప్పటినుంచి 2012 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమోక్రాట్‌కే వేసింది. 2016లో మొదటిసారి మారింది. కెంటకీలో పార్టీ పేరుతో నమోదైన ఓటర్లలో రిపబ్లికన్ల సంఖ్య డెమోక్రాట్లని దాటింది 2022 జూలైలో! అంతకు చాలా ఏళ్ళ ముందునుంచే అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్లకి ఓటేస్తూ, కార్డు మీద మాత్రం తాతల పార్టీనే ఉంచుకున్నారు. నువ్వు పైక్‌విల్‌లో ఉన్నప్పుడు ఎవరూ డేవిస్ పేరెత్తలేదన్నావు, నిజమే. వాళ్ళ ఓటరు కార్డులు అడిగి చూడాల్సింది.

వెస్ట్ వర్జీనియాలో మాత్రం నీ మాటే నెగ్గుతుంది. అక్కడ బొగ్గు గనుల యూనియన్లు వచ్చి పాత ముద్రని చెరిపేసి, 1932 నుంచి డెమోక్రాట్ కోట చేశాయి. 2000లో అది కూలడం మొదలైంది.

కడప_కారం:
అయితే నేను గెలిచింది ఒకటి, ఓడింది ఒకటి. కెంటకీ మాదిరి డ్రా అనుకుంటా.

బాల్టిమోర్_బాబాయ్:
విగ్రహాల సంగతి తేల్చలేదు. మా అన్నాపోలిస్‌లో జస్టిస్ టేనీ విగ్రహం 2017లో తీశారు. నల్లవాళ్ళు పౌరులే కాలేరని 1857లో తీర్పిచ్చిన పెద్దమనిషి. లూయివిల్‌ది ఏమైంది?

ఓహియో_ఒడ్డు:
బాబాయ్, ఆ స్మారకాన్ని 2016లో తీసి, నది ఒడ్డునే ఉన్న బ్రాండెన్‌బర్గ్ అనే చిన్న ఊరికి తరలించారు. వాళ్ళు అడిగి మరీ తీసుకెళ్ళారు. కాపిటల్‌లో డేవిస్ విగ్రహం 2020 జూన్‌లో తీసేశారు. ఫెయిర్‌వ్యూ స్తంభాన్ని మాత్రం ఎవరు కదుపుతారు? 351 అడుగుల కాంక్రీటు.

అన్నట్టు, నిన్న ఆదివారం క్యాంప్ నెల్సన్ వెళ్ళొచ్చాం. కొత్తిమీర అక్క పోస్టు చదివినప్పటినుంచి నాన్నగారి పోరు అదే. లూయివిల్ నుంచి గంటన్నర పైనే. 2018 నుంచి జాతీయ స్మారకం. పెద్దగా జనం లేరు. పచ్చిక, మట్టి గోడల ఆనవాళ్ళు, ఒక తెల్ల ఇల్లు, అటుపక్క వరసగా తెల్లరాళ్ళ శ్మశానం. డేవిస్ స్తంభంలా మైళ్ళ దూరం నుంచి కనపడేది అక్కడ ఏదీ లేదు. నాన్నగారు చెప్పులు విప్పేసి కాసేపు తిరిగారు. మా అమ్మాయి ఎందుకు విప్పావు తాతా అంటే, "శ్మశానం కదమ్మా" అన్నారు.

తిరుగు ప్రయాణంలో నికలస్‌విల్ మీదుగా పొమ్మన్నారు. బయల్దేరేముందు కారు మీటర్‌ని సున్నాకి తిప్పమన్నారు. ఊరు రాగానే చూశారు. ఆరుకి అటూ ఇటూ.

"నాలుగుసార్లు నడిచాడన్నమాట" అన్నారు. తర్వాత రేడియో కట్టేయమన్నారు.